ఉచిత డొమైన్ పేరు: ఆఫర్‌లో తీసుకునే ముందు, తీసుకున్నాక ఏం చేయాలి?

పసుపు పొడి, మిర్చి పొడి, పచ్చళ్లు, చిరుధాన్యాల సరుకులు తయారు చేసి అమ్ముకునే మహిళా సంఘాల సభ్యులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, పథకాల లబ్ధిదారుల కోసం
ప్రాంతం: ఆర్మూర్, నిజామాబాద్ జిల్లా

ఒక్క చూపులో

• డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో మీ వ్యాపారం పేరు, చిరునామా. దాన్ని ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికి ఇంత అని కట్టి పెట్టుకోవాలి.
• "ఉచిత డొమైన్" అని చెప్పే ఆఫర్లలో దాదాపు అన్నీ మొదటి ఏడాదికే ఉచితం. రెండో ఏడాది నుంచి పైసలు కట్టాలి.
• ఇది ప్రభుత్వం మంజూరు చేసే పథకం కాదు, కంపెనీలు ఇచ్చే ఆఫర్. దీనికి మధ్యవర్తి, కమీషన్ అక్కర్లేదు.
• పేరు మీ సంఘం ఈమెయిల్, మీ ఫోన్ నంబర్ మీదే ఉండాలి. వేరేవాళ్ల అకౌంట్‌లో ఉంటే అది మీ చేతిలో ఉన్నట్టు కాదు.
• రెండో ఏడాది రుసుము కట్టగలమని తేల్చుకున్నాకే ఆ పేరును పొట్లం మీద అచ్చు వేయించండి.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు?

ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్ చుట్టుపక్కల పండే పసుపు ఎక్కువగా కాడి, గోళ రూపంలోనే నిజామాబాద్ మార్కెట్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో పోతుంది. అక్కడ సరుకు చూసి ధర కడతారు. ఆ అమ్మకానికి వెబ్‌సైట్‌తో పని లేదు.

పసుపును మర పట్టించి, పొట్లాలు కట్టి, సొంత పేరుతో అమ్మేవాళ్ల సంగతి వేరు. ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం, అంటే పీఎంఎఫ్‌ఎంఈ, 2020లో మొదలైంది. ఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రుణంతో ముడిపడిన సబ్సిడీ ఉంది. మర, ప్యాకింగ్ మిషన్ పెట్టుకున్నాక వచ్చే తర్వాతి ప్రశ్న "అమ్ముకునేది ఎట్లా?" అన్నదే. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలై, దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. దాంతో ఇక్కడి పసుపుకు సొంత పేరు, సొంత బ్రాండ్ ఉండాలన్న మాట కూడా ఎక్కువగా వినపడుతోంది.

ఇలాంటి సమయంలోనే "మీ వ్యాపారానికి ఉచిత వెబ్‌సైట్, ఉచిత డొమైన్" అనే ప్రకటనలు ఫోన్లలో కనిపిస్తాయి. కొన్ని నిజమైన ఆఫర్లు, కొన్ని మోసాలు. నిజమైన ఆఫర్‌లో కూడా షరతులు చదవకపోతే ఏడాది తిరిగేసరికి పేరు చేజారుతుంది.

డొమైన్ అంటే ఏంటి? వెబ్‌సైట్ అంటే అదేనా?

రెండూ ఒకటి కావు. దుకాణంతో పోల్చి చూద్దాం.

• డొమైన్: దుకాణం పేరు, చిరునామా. ఉదాహరణకు "మీ సంఘం పేరు డాట్ ఇన్" లేదా "మీ సంఘం పేరు డాట్ కామ్".
• హోస్టింగ్: దుకాణం పెట్టుకునే మడిగ. దీనికి వేరే అద్దె ఉంటుంది.
• వెబ్‌సైట్: మడిగ లోపల సర్దిన సరుకు, ఫొటోలు, ధరల పట్టిక, ఫోన్ నంబర్.

ఉచిత డొమైన్ దొరికినంత మాత్రాన వెబ్‌సైట్ తయారైనట్టు కాదు. పేరు ఒక్కటే ఉండి లోపల ఏమీ లేకపోతే, ఆ పేరు కొట్టినవాళ్లకు ఖాళీ పేజీయో, కంపెనీ ప్రకటనో కనిపిస్తుంది.

డాట్ ఇన్ అనేది మన దేశానికి కేటాయించిన డొమైన్. దీన్ని నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, నడుపుతుంది. 2005 నుంచి దీన్ని మామూలు జనం, చిన్న వ్యాపారులు కూడా తీసుకోగలుగుతున్నారు. నిక్సీ నేరుగా కౌంటర్ పెట్టి అమ్మదు. తాను గుర్తించిన రిజిస్ట్రార్ కంపెనీల ద్వారా ఇస్తుంది. డాట్ కామ్ లాంటి పేర్లకు ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్లు ఉంటారు.

డాట్ గవ్ డాట్ ఇన్, డాట్ నిక్ డాట్ ఇన్ అనేవి ప్రభుత్వ శాఖలకు, సంస్థలకే ఇస్తారు. ప్రైవేటు వ్యాపారికి అలాంటి పేరు ఇప్పిస్తామంటే అది అబద్ధం.

మాకు డొమైన్ నిజంగా అవసరమా?

అందరికీ అవసరం లేదు. కింద చూసుకోండి.

ఇప్పుడే అక్కర్లేనివాళ్లు:
• సరుకు మొత్తం యార్డులోనే, అడ్తిదారు ద్వారానే అమ్మేవాళ్లు.
• ఊళ్లో, అంగడిలో, తెలిసినవాళ్లకు మాత్రమే అమ్మేవాళ్లు. వీళ్లకు వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్, గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ సరిపోతాయి. రెండూ ఉచితమే.

తీసుకుంటే పనికొచ్చేవాళ్లు:
• పొట్లం మీద సొంత బ్రాండ్ పేరు వేసి హైదరాబాద్, ముంబై లాంటి చోట్లకు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు సరుకు పంపేవాళ్లు.
• హోటళ్లు, పెద్ద దుకాణాలతో మాట్లాడుతూ, "మీ వివరాలు ఎక్కడ చూడాలి?" అనే ప్రశ్న ఎదురవుతున్నవాళ్లు.
• ఇవాళ ఒక నంబర్, రేపు ఒక నంబర్ మారుతూ, పాత గిరాకీ పోగొట్టుకుంటున్న సంఘాలు. ఫోన్ మారినా డొమైన్ పేరు మారదు. లోపల నంబర్ మార్చుకుంటే సరిపోతుంది.

మహిళా సంఘాల ఉత్పత్తుల అమ్మకానికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ-సరస్ అనే ఆన్‌లైన్ వేదిక నడుపుతోంది. సొంత డొమైన్ ఉన్నా లేకపోయినా దీని గురించి మీ సీసీని, ఏపీఎంను అడగండి.

ఉచితంగా ఎవరు ఇస్తారు? గతంలో ఏం జరిగింది?

ఉచిత పేర్ల ఆఫర్లు కొత్తవి కావు. పాతవాటి సంగతి తెలిస్తే ఇప్పుడొచ్చే వాటిని అంచనా వేయొచ్చు.

1. గూగుల్, హోస్ట్‌గేటర్ ఆఫర్, 2011. చిన్న వ్యాపారులను ఇంటర్నెట్‌లోకి తేవడానికి 2011 నవంబర్‌లో గూగుల్ సంస్థ "ఇండియా గెట్ యువర్ బిజినెస్ ఆన్‌లైన్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మూడేళ్లలో 5 లక్షల చిన్న వ్యాపారాలను ఆన్‌లైన్‌లోకి తేవాలన్నది లక్ష్యం. హోస్ట్‌గేటర్ అనే కంపెనీతో కలిసి డాట్ ఇన్ పేరు, హోస్టింగ్ ఉచితంగా ఇచ్చింది. ఆ ఉచితం మొదటి ఏడాదికే. తర్వాత కొనసాగాలంటే రుసుము కట్టాలి. ఇది మోసం కాదు, షరతు ముందే చెప్పారు. ఆ షరతు గుర్తుపెట్టుకోవాల్సింది తీసుకున్నవాళ్లే.

2. నిక్సీ ఆఫర్, 2020-21. డాట్ ఇన్ పేరు తీసుకున్నవాళ్లకు దానితో పాటు భారతీయ భాషలో ఒక పేరు ఉచితంగా ఇస్తామని నిక్సీ ప్రకటించింది. 22 భాషల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. కొత్తగా నమోదు చేసుకునేవాళ్లకు 2021 జనవరి 31 వరకు గడువు పెట్టింది. అంటే ప్రభుత్వ రంగం నుంచి వచ్చిన ఆఫర్‌కు కూడా తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటాక పాత ప్రకటన వాట్సాప్‌లో ఎన్నిసార్లు తిరిగినా పనికిరాదు.

3. ఫ్రీనమ్ పేర్లు. డాట్ టీకే, డాట్ ఎంఎల్ లాంటి పేర్లను ఫ్రీనమ్ అనే కంపెనీ చాలా ఏళ్లు పైసా లేకుండా ఇచ్చింది. ఉచితం కావడంతో మోసగాళ్లు కూడా వాటిని విపరీతంగా వాడారు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా కోర్టుకెక్కింది. 2023లో ఫ్రీనమ్ కొత్త నమోదులు ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో డొమైన్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇప్పటికీ కొన్ని పాత వీడియోలు "డాట్ టీకే ఉచితం" అని చెబుతుంటాయి. వాటిని నమ్మి టైమ్ పోగొట్టుకోవద్దు.

4. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ వెబ్‌సైట్లు. మ్యాప్స్‌లో దుకాణం నమోదు చేసుకున్నవాళ్లకు గూగుల్ ఒక చిన్న వెబ్‌సైట్ ఉచితంగా ఇచ్చేది. దాని చిరునామా చివర "బిజినెస్ డాట్ సైట్" అని ఉండేది. 2024 మార్చిలో ఆ వెబ్‌సైట్లను మూసేసింది. ఆ ఏడాది జూన్ 10 వరకు మాత్రం పాత చిరునామా కొట్టినవాళ్లను బిజినెస్ ప్రొఫైల్‌కు మళ్లించింది. ఆ తర్వాత పాత చిరునామా పనిచేయడం ఆగిపోయింది. విజిటింగ్ కార్డు మీద, బోర్డు మీద ఆ చిరునామా రాయించుకున్నవాళ్లు మళ్లీ అచ్చు వేయించుకోవాల్సిందే.

ఈ నాలుగూ చెప్పేది ఒకటే. ఉచితంగా ఇచ్చినవాళ్లు గడువు పెడతారు, లేదా ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారు. మీ పేరు మీద, మీ రుసుముతో ఉన్న డొమైన్‌కే భరోసా ఉంటుంది. ఉచిత ఆఫర్‌ను మొదటి ఏడాది ఖర్చు తగ్గించుకునే మార్గంగా మాత్రమే చూడండి.

ఇప్పుడు మామూలుగా కనిపించే ఆఫర్లు మూడు రకాలు:
• ఏడాది లేదా అంతకంటే ఎక్కువ కాలం హోస్టింగ్ కొంటే డొమైన్ మొదటి ఏడాది ఉచితం.
• మొదటి ఏడాది నామమాత్రపు ధర, తర్వాత మామూలు ధర.
• కంపెనీ పేరు తోకగా ఉండే ఉచిత చిరునామా. ఉదాహరణకు "మీ పేరు డాట్ బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్", "మీ పేరు డాట్ వర్డ్‌ప్రెస్ డాట్ కామ్". దీనికి ఏటా రుసుము లేదు, కానీ పేరు మీది కాదు. నేర్చుకోవడానికి మంచిది.

అసలు ఖర్చు ఎంత? లెక్క ఇలా వేయండి

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవే. ఏ కంపెనీ ధరా కాదు. మీకు వచ్చిన ఆఫర్‌లోని అంకెలు పెట్టి ఇలాగే లెక్క వేసుకోండి.

మొదటి లెక్క: డొమైన్ మాత్రమే.
మొదటి ఏడాది: 0 రూపాయలు
రెండో ఏడాది రెన్యువల్: 900 రూపాయలు
జీఎస్టీ 18 శాతం: 162 రూపాయలు
ఏడాదికి మొత్తం: 1,062 రూపాయలు
5 ఏళ్లకు: ఒక ఏడాది ఉచితం, 4 ఏళ్ల రుసుము 4,248 రూపాయలు

10 మంది సభ్యులున్న సంఘం అయితే, రెండో ఏడాది నుంచి మనిషికి నెలకు 9 రూపాయల లోపే పడుతుంది. ఇది పెద్ద భారం కాదు. అయితే ఎవరు, ఎప్పుడు కట్టాలో ముందే రాసుకోకపోతే ఈ కొద్ది మొత్తం దగ్గరే పేరు పోతుంది.

రెండో లెక్క: "హోస్టింగ్ నెలకు 149 మాత్రమే, డొమైన్ ఉచితం" అనే ఆఫర్.
పెద్ద అక్షరాల్లో 149 కనిపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో 36 నెలలది ఒకేసారి కట్టాలని ఉంటుంది.
149 × 36 = 5,364 రూపాయలు
జీఎస్టీతో: దాదాపు 6,330 రూపాయలు

అంటే "ఉచితం" కోసం ఇవాళే ఆరు వేలకు పైగా కట్టాలి. డొమైన్ మాత్రం ఒక ఏడాదికే ఉచితం. రెండో, మూడో ఏడాది డొమైన్ రుసుము వేరే. మధ్యలో వద్దనుకుని డబ్బు వాపసు అడిగితే చాలా కంపెనీలు డొమైన్ ధర పట్టుకుని మిగతాది ఇస్తాయి. వెబ్‌సైట్ నడిపే మనిషి సంఘంలో లేకపోతే మూడేళ్ల హోస్టింగ్ కొనడం కంటే, డొమైన్ ఒక్కటే తీసుకోవడం మేలు.

తీసుకునే విధానం: దశలవారీగా

దశ 1. పేరు ఎంచుకోండి.
చిన్నగా, ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకునేలా ఉండాలి. మన ఊరి పేరుతోనే ఒక చిక్కుంది. ఇంగ్లిష్‌లో ఆర్మూర్‌ను కొందరు చివర "ఓ-ఓ-ఆర్" అని, కొందరు "యు-ఆర్" అని రాస్తారు. ఊరి పేరు కలిపితే గిరాకీ రెండో రకంగా కొట్టి వేరే చోటికి పోవచ్చు. ముగ్గురికి ఫోన్ చేసి పేరు చెప్పి, రాసి పంపమనండి. ముగ్గురూ ఒకేలా రాస్తే ఆ పేరు మంచిది. అంకెలు, మధ్య గీతలు లేకుండా చూసుకోండి. వేరే బ్రాండ్ పేరు, ప్రభుత్వ శాఖ పేరు, పసుపు బోర్డు పేరు పెట్టుకోవద్దు. తర్వాత చట్టపరంగా చిక్కులు వస్తాయి.

దశ 2. సంఘానికి ఒక ఈమెయిల్ తెరవండి.
ఒక సభ్యురాలి సొంత ఈమెయిల్ వాడొద్దు. సంఘం పేరుతో కొత్త ఈమెయిల్ తీసి, పాస్‌వర్డ్ అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరి దగ్గరా ఉంచండి. రికవరీ నంబర్‌గా ఎక్కువ కాలం మారని నంబర్ ఇవ్వండి. డొమైన్‌కు సంబంధించిన ప్రతి నోటీసూ ఈ ఈమెయిల్‌కే వస్తుంది.

దశ 3. రిజిస్ట్రార్‌కు గుర్తింపు ఉందో లేదో చూడండి.
డాట్ ఇన్ అయితే నిక్సీ వెబ్‌సైట్‌లో, డాట్ కామ్ అయితే ఐకాన్ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన రిజిస్ట్రార్ల జాబితా ఉంటుంది. పేరు అందులో ఉండాలి.

దశ 4. ఈ ఆరు ప్రశ్నలకు జవాబు దొరికాకే ముందుకు పోండి.
• ఉచితం ఎన్ని నెలలు?
• రెన్యువల్ ధర ఎంత? జీఎస్టీ కలిపా, విడిగానా?
• ఉచితం రావాలంటే ఇంకేం కొనాలి? ఎన్నేళ్లది ఒకేసారి కట్టాలి?
• పేరును వేరే కంపెనీకి మార్చుకోవచ్చా? దానికి రుసుము ఉందా?
• రద్దు చేస్తే ఎంత వాపసు ఇస్తారు?
• ఆఫర్ ఏ తేదీతో ముగుస్తుంది?

దశ 5. పేమెంట్ పేజీలో టిక్కులు చూడండి.
అడగకపోయినా సెక్యూరిటీ, బ్యాకప్, అదనపు ఈమెయిల్ లాంటివి ముందే టిక్ పెట్టి ఉండొచ్చు. అక్కర్లేనివి తీసేయండి. ఎన్నేళ్లకు తీసుకుంటున్నారో కూడా చూడండి. ఒక ఏడాది అనుకుంటే మూడేళ్లు ఎంచి ఉండొచ్చు.

దశ 6. వివరాలు నిజమైనవే ఇవ్వండి.
రిజిస్ట్రెంట్ అనే చోట సంఘం పేరు లేదా యజమాని పేరు ఉండాలి. వెబ్‌సైట్ చేసిపెట్టే మనిషి పేరు ఉండకూడదు. కొన్ని కంపెనీలు గుర్తింపు పత్రం అడుగుతాయి. డాట్ కామ్ లాంటి పేర్లకు ఈమెయిల్ ధ్రువీకరణ లింకు వస్తుంది. 15 రోజుల్లో దాన్ని నొక్కకపోతే పేరు పనిచేయకుండా నిలిపేస్తారు.

దశ 7. మినిట్స్ పుస్తకంలో రాయండి.
డొమైన్ పేరు, కంపెనీ పేరు, తీసుకున్న తేదీ, గడువు ముగిసే తేదీ, రెన్యువల్ మొత్తం, ఎవరు కట్టాలి అన్నవి తీర్మానంగా రాసి సంతకాలు పెట్టండి. రసీదు ప్రింటు అందులో అతికించండి. పాలకవర్గం మారినప్పుడు బ్యాంకు పాస్‌బుక్కుతో పాటు ఈ ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా అప్పజెప్పాలి.

వెబ్‌సైట్ లేకుండానే పేరును వాడుకోవచ్చు

చాలా రిజిస్ట్రార్ల దగ్గర "ఫార్వర్డింగ్" అనే సౌకర్యం ఉంటుంది. మీ డొమైన్ కొట్టగానే మీ వాట్సాప్ చాట్‌కో, గూగుల్ మ్యాప్స్ ప్రొఫైల్‌కో పోయేలా పెట్టుకోవచ్చు. హోస్టింగ్ ఖర్చు లేకుండానే పొట్లం మీద వేసిన పేరు పనిచేస్తుంది. ముందు ఇలా ఒక పంట కాలం నడిపి చూడండి. గిరాకీ పెరిగాక వెబ్‌సైట్ కట్టించుకోవచ్చు.

గడువు దాటితే ఏమవుతుంది?

డాట్ కామ్ లాంటి పేర్లకు గడువు ముగిసే ముందు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేస్తూ రిజిస్ట్రార్ ఈమెయిల్ పంపాలి. గడువు దాటాక కూడా ఒకటి పంపాలి. ఇవన్నీ ఈమెయిల్‌కే వస్తాయి కాబట్టి నెలకోసారైనా ఆ ఈమెయిల్ తెరవాలి.

కట్టకపోతే వరుసగా ఇలా జరుగుతుంది:
• మొదట పేరు పనిచేయడం ఆగుతుంది. చాలా కంపెనీలు కొన్ని వారాలు మామూలు ధరకే రెన్యువల్ చేసుకోనిస్తాయి.
• తర్వాత 30 రోజుల "రిడెంప్షన్" కాలం. ఇందులో పేరు వెనక్కి కావాలంటే రెన్యువల్‌తో పాటు పెద్ద మొత్తంలో అదనపు రుసుము కట్టాలి.
• ఆ తర్వాత 5 రోజులకు పేరు రద్దవుతుంది. ఇక ఎవరైనా తీసుకోవచ్చు.

ఇలా వదిలేసిన పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. పాత పేరుకు గిరాకీ ఉందని తెలిస్తే తీసుకుని బెట్టింగ్ ప్రకటనలు, అసభ్య బొమ్మలు పెడతారు. లేదా ఎక్కువ ధరకు తిరిగి మీకే అమ్మజూస్తారు. మీరు 5,000 పొట్లాల మీద ఆ పేరు వేయించి ఉంటే, ఒక్కో పొట్లం మీ గిరాకీని అక్కడికే పంపుతుంది. సరుకు కల్తీ లేకపోయినా పేరు చెడుతుంది. అందుకే మొదటిసారి తక్కువ కవర్లు వేయించండి. రెండో ఏడాది రుసుము కట్టాక పెద్ద ఆర్డర్ ఇవ్వండి. గడువును గుర్తుంచుకోలేం అనుకుంటే, చేతిలో డబ్బున్నప్పుడు, అంటే పసుపు అమ్మిన తర్వాత, రెండు మూడేళ్లది ఒకేసారి కట్టుకోవచ్చు. డాట్ ఇన్, డాట్ కామ్ పేర్లను 10 ఏళ్ల వరకు ముందే కట్టుకునే వీలుంది.

ఈ మోసాలతో జాగ్రత్త

• "ప్రభుత్వ పథకం కింద ఉచిత వెబ్‌సైట్ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే నమ్మొద్దు. పథకం పేరు, పసుపు బోర్డు పేరు, బ్యాంకు పేరు ఏది చెప్పినా అదే జవాబు.
• పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ చేయొద్దు. ఫోన్‌లోని మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి.
• మీరు డొమైన్ తీసుకోని కంపెనీ నుంచి "రెన్యువల్ కట్టండి, లేకుంటే పేరు పోతుంది" అని బిల్లు వస్తే అది మోసమే కావొచ్చు. మీ మినిట్స్ పుస్తకంలో రాసుకున్న కంపెనీ వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి. వచ్చిన లింకు నొక్కొద్దు.
• ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం. దానికి వెబ్‌సైట్ గానీ డొమైన్ గానీ అక్కర్లేదు. "డొమైన్ ఉంటేనే ఉద్యం సర్టిఫికెట్" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు.
• ఉచిత ట్రయల్ పేరుతో ఆటోపే పెట్టించుకుంటారు. ఆటోపేలో డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. వద్దనుకుంటే మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే భాగంలోకి పోయి రద్దు చేసుకోవచ్చు.

ఎక్కువ మంది అడిగే ప్రశ్నలు

ప్ర: మా పిల్లగాడు తన మెయిల్‌తోనే పేరు తీసిండు. ఏమన్నా ఇబ్బందా?
జ: ఇప్పుడు ఇబ్బంది లేదు. పిల్లగాడు చదువుకో, ఉద్యోగానికో దూరం పోతే నోటీసులు మీకు అందవు. ఇప్పుడే అకౌంట్‌లోని ఈమెయిల్, ఫోన్ నంబర్ సంఘానివిగా మార్పించండి.

ప్ర: వెబ్‌సైట్ చేసినాయన పేరు మీదనే డొమైన్ ఉంది. ఇస్తలేడు. ఏం చేయాలె?
జ: ముందు రాతపూర్వకంగా అడగండి. పేరును అదే కంపెనీలోని మీ అకౌంట్‌కు మార్చమనండి. లేదా వేరే కంపెనీకి తీసుకుపోవడానికి "ట్రాన్స్‌ఫర్ కోడ్" ఇవ్వమనండి. డాట్ కామ్ లాంటి పేర్లను కొత్తగా తీసుకున్న 60 రోజుల్లోపు వేరే కంపెనీకి మార్చడం కుదరదు. ఆయనకు పైసలు కట్టిన రసీదులు, మెసేజ్‌లు దాచి పెట్టుకోండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ప్ర: పేరు ఎవరి మీద ఉందో, గడువు ఎప్పుడో ఎట్ల తెలుస్తది?
జ: "హూ ఈజ్" అనే వెతుకులాట ఉచితంగా ఉంటుంది. డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు నమోదైంది, గడువు ఎప్పుడు అనేవి కనిపిస్తాయి. యజమాని వివరాలు అన్నిసార్లూ కనిపించవు. కాబట్టి మీ అకౌంట్‌లోకి వెళ్లి చూసుకోవడమే ఖాయమైన దారి.

ప్ర: తెలుగులనే పేరు పెట్టుకోవచ్చా?
జ: పెట్టుకోవచ్చు. తెలుగు లిపిలో "డాట్ భారత్" పేర్లు ఉన్నాయి. అయితే ఫోన్‌లో తెలుగు టైప్ చేయనివాళ్లు, వేరే రాష్ట్రాలవాళ్లు దాన్ని కొట్టలేరు. ఇంగ్లిష్ పేరు ఉన్నాక, తోడుగా తెలుగు పేరు తీసుకోవడం మంచిది.

ప్ర: వెబ్‌సైట్ ఉంటే సబ్సిడీ ఎక్కువ వస్తదా? లోన్ జల్దీ వస్తదా?
జ: రాదు. పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ మీ యూనిట్ ఖర్చును బట్టి లెక్కిస్తారు. సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉమ్మడిగా చేసే బ్రాండింగ్, మార్కెటింగ్‌కు ఆ పథకంలో 50 శాతం వరకు సాయం అనే భాగం వేరే ఉంది. దాని గురించి జిల్లా రిసోర్స్ పర్సన్‌ను అడగండి.

ప్ర: డొమైన్ ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మొచ్చా?
జ: అమ్మకూడదు. పసుపు పొడి, కారం, పచ్చళ్లు ప్యాకెట్లో పెట్టి అమ్మాలంటే ఆహార భద్రత నమోదు ఉండాలి. ఆ నంబర్ పొట్లం మీద ఉండాలి. దుకాణంలో అమ్మినా, ఆన్‌లైన్‌లో అమ్మినా ఇదే నియమం.

ప్ర: ఇప్పటికే కవర్ల మీద పేరు వేయించినం. గడువు పోయినట్టుంది. ఇప్పుడేం చేయాలె?
జ: ఇవాళే రిజిస్ట్రార్ అకౌంట్ తెరిచి చూడండి. మామూలు రెన్యువల్ కాలంలో ఉంటే వెంటనే కట్టండి. రిడెంప్షన్‌లో ఉంటే, అదనపు రుసుమును మిగిలిన కవర్ల ఖర్చుతో పోల్చి నిర్ణయం తీసుకోండి. వేరేవాళ్లు తీసేసుకుని ఉంటే, ఆ కవర్ల మీద పాత పేరు కనపడకుండా కొత్త ఫోన్ నంబర్ స్టిక్కర్ అంటించాకే సరుకు పంపండి.

అవసరమైన నంబర్లు

• డబ్బు పోయినా, ఓటీపీ చెప్పేసినా వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్: 1930
• జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915
• ఉద్యం నమోదు: ప్రభుత్వ పోర్టల్‌లో మాత్రమే చేయండి. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

డబ్బు పోయినప్పుడు ఎంత తొందరగా 1930కు చెబితే, ఆ మొత్తాన్ని ఆపడానికి అంత ఎక్కువ వీలుంటుంది. సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పంపండి. ఫోన్‌లో చదవడం రానివాళ్లకు వచ్చే సంఘం మీటింగ్‌లో "ఒక్క చూపులో" భాగం, ఆరు ప్రశ్నల భాగం చదివి వినిపించండి. ఇప్పటికే డొమైన్ ఉన్న సంఘాలు గడువు తేదీ చూసి, ఆ మీటింగ్‌లోనే మినిట్స్ పుస్తకంలో రాసుకోండి.